వోల్టేజి సమమైనంత మాత్రాన సెల్ బాగుపడినట్టు కాదు

ఛార్జర్ తెర మీద ఆరు గళ్లు. ఐదింట్లో 4.20, ఒకదాంట్లో 4.18. టీ తాగి వచ్చేసరికి ఆ ఒక్కటీ 4.20కి ఎక్కింది. "చూశావా అన్నా, సెట్టయిపోయింది" అంటూ కుర్రాడు ప్యాకు ఊడదీసి డ్రోన్‌కి బిగిస్తాడు. గంట క్రితం ఇదే ప్యాకు పొలంలోంచి దిగినప్పుడు ఐదు సెల్లు 3.70 దగ్గర ఉన్నాయి, నాలుగో నంబరుది మాత్రం 3.25. ఇప్పుడు ఆ తేడా కనపడటం లేదు. కనపడటం లేదు కాబట్టి లేదనే లెక్క. పది లీటర్ల మందుతో డ్రోన్ మళ్లీ మిర్చి చేను మీదికి లేస్తుంది.

డ్రోన్‌తో మందు కొట్టే ఏ బృందం దగ్గర నిలబడినా ఈ నమ్మకమే వినిపిస్తుంది. సెల్ డౌన్ అయిందా, బ్యాలెన్స్ మోడ్‌లో పెట్టు. అయినా తేడా పోలేదా, రాత్రంతా ఛార్జర్‌కే ఉంచు. మూడు వోల్టుల కిందికి జారిందా, ఆ ఒక్కదానికీ విడిగా కరెంటు ఇచ్చి లేపు. సెల్లన్నీ ఒక్క అంకె చూపిస్తే బ్యాటరీ బాగైనట్టే. అభిరుచి కోసం రేసింగ్ డ్రోన్లు ఎగరేసే నగరపు కుర్రాళ్ల నుంచి ఊళ్లో స్ప్రే డ్రోన్ నడిపే అక్కల దాకా అందరి నోటా ఇదే.

ఈ మాట వెనక నిజం లేకపోలేదు. లైపో (లిథియం పాలిమర్) ప్యాకులో సెల్లన్నీ వరసగా కలిపి ఉంటాయి. 6ఎస్ అంటే ఆరు సెల్లు, ఒక్కోటి నిండుగా 4.20 వోల్టులు, మొత్తం 25.2. ఛార్జర్ ఈ మొత్తాన్ని మాత్రమే చూస్తే, ఒక సెల్ 4.10 దగ్గర ఆగిపోయి ఇంకొకటి 4.30కి పోయినా దానికి తెలియదు. 4.20 దాటిన మామూలు లైపో సెల్ ప్రమాదకరం. అందుకే ప్యాకు పక్కన ఏడు సన్నని వైర్ల తెల్ల ప్లగ్గు ఉంటుంది. దాని ద్వారా ఛార్జర్ ఒక్కో సెల్‌ని విడిగా చూసి, ముందుకు పోయినదాన్ని వెనక్కి లాగుతుంది. అంగారకుడి మీద 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరిన ఇన్‌జెన్యూటీ హెలికాప్టర్ బ్యాటరీలోనూ ఉన్నవి ఆరు లిథియం సెల్లే, వాటికీ బ్యాలెన్సింగ్ ఏర్పాటు ఉంది. ఆరోగ్యంగా ఉన్న, జత కుదిరిన సెల్లను ఒక వరసలో నిలబెట్టడానికి బ్యాలెన్సింగ్ తప్పనిసరి. దాని పని అంతవరకే. అక్కడి నుంచి జారి "చెడిన సెల్‌ని అది బాగుచేస్తుంది" అన్న దగ్గరికి వచ్చేసరికి మాట అడ్డం తిరిగింది.

1. మట్టం వేరు, నీళ్లు వేరు

తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు తెలిసినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వానాకాలంలో అలుగు దాకా నిండిన చెరువు ఒడ్డున నిలబడితే ఏ చెరువైనా నిండుగానే కనిపిస్తుంది. అడుగున ఎంత పూడిక ఉందో మట్టం చెప్పదు. ఫిబ్రవరి వస్తే తెలుస్తుంది, ఏ చెరువు కింద పంట ఎండిందో. వోల్టేజి ఆ మట్టం లాంటిది. సెల్‌లో నిజంగా ఎంత ఛార్జి పడుతుందన్నది దాని లోతు.

లెక్క వేసి చూద్దాం. 16,000 మిల్లీ ఆంపియర్ అవర్ల 6ఎస్ ప్యాకు. ఐదు సెల్లు కొత్తగా ఉన్నప్పటిలాగే ఉన్నాయి, నాలుగోది పూడి 13,000కి వచ్చింది. ఇటుకల్లా పేర్చిన సెల్లలో మధ్యలో ఉన్నవాటికి వేడి బయటికి పోయే దారి తక్కువ, కాబట్టి అవి ముందు ముసలివి కావడంలో వింత లేదు. బ్యాలెన్స్ ఛార్జి చేశాక ఆరూ 4.20. పైలట్ పద్ధతైనవాడు, ఎనభై శాతం వాడి దించేస్తాడు. అంటే 12,800 వాడాడు. ఐదు సెల్లలో ఇంకా 3,200 ఉంది. నాలుగోదాంట్లో మిగిలింది 200. నిండు ట్యాంకుతో 80 ఆంపియర్లు లాగే డ్రోన్‌కి ఆ 200 ఎంతసేపు వస్తుంది? తొమ్మిది సెకన్లు.

చేను చివర డ్రోన్ తిరిగే మలుపుకు పట్టేంత సమయం కూడా కాదది.

ఈలోపు పైలట్ చేతిలోని రిమోట్ ఏమంటుంది? బీఎంఎస్ (సెల్లను విడివిడిగా గమనించే సర్క్యూట్) లేని మామూలు ప్యాకుల్లో డ్రోన్‌కి అందేది మొత్తం వోల్టేజి ఒక్కటే. ఐదు సెల్లు 3.7, ఒకటి 3.0 అనుకుంటే మొత్తం 21.5, సగటు 3.58. అలారం 3.5 దగ్గర పెట్టి ఉంటే అది మోగదు. స్ప్రే డ్రోన్లలో చాలావాటికి ఇలాంటి రెండు ప్యాకుల్ని కలిపి 12ఎస్‌గా వాడతారు. అప్పుడు పదకొండు మంచి సెల్లు కలిసి ఒక చెడ్డదాన్ని ఇంకా బాగా దాచిపెడతాయి, సగటు 3.64కి పెరుగుతుంది. సెల్లు ఎక్కువైనకొద్దీ సగటు మీద నమ్మకం అంత ప్రమాదం.

2. బ్యాలెన్సర్ చేయని పనికి దానికి పేరు

ఈ నమ్మకంలో అన్నిటికంటే పెద్ద కన్నం ఇది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే ఆశ్చర్యం.

వరసగా కలిపిన సెల్లన్నిటి గుండా పోయే కరెంటు ఒకటే. ఎగిరేటప్పుడు ఒక్కో సెల్ నుంచి 12,800 బయటికి పోయింది. ఛార్జి చేసేటప్పుడు ఒక్కోదాంట్లోకి దాదాపు అదే 12,800 తిరిగి వస్తుంది. పూడిన సెల్‌లోంచి ఎంత తీశారో అంతే పోశారు కాబట్టి అది మళ్లీ పైకి చేరుతుంది, మిగతావాటితో పాటే. కింద 0.45 వోల్టుల తేడాతో దిగిన ప్యాకు పైన సమంగా నిలబడటానికి బ్యాలెన్సర్ చేసింది ఏమీ లేదు. మామూలు ఛార్జి అయినా దాదాపు అక్కడికే వచ్చేది. "బ్యాలెన్స్ మోడ్‌లో పెట్టాను, సరైపోయింది" అనేవాడు, కోడి కూసింది కాబట్టి తెల్లారిందనేవాడికి తమ్ముడు.

మరి బ్యాలెన్సర్‌కి నిజంగా పని దొరికేది ఎప్పుడు? ఒక సెల్‌లోంచి మిగతావాటికంటే ఎక్కువ ఛార్జి ఎటో పోయినప్పుడు. అది రెండు విధాలుగా జరుగుతుంది. బయటి వస్తువేదైనా ఆ సెల్‌ని మాత్రమే తాగి ఉండాలి, లేదా సెల్ లోపలే ఎక్కడో కారుతూ ఉండాలి. చెరువు భాషలో చెప్పాలంటే, పూడిక కాదు, కట్టలో ఎండ్రకాయ బొరియ. మొదటిది అమాయకమైన కారణం, దాని సంగతి తర్వాత. రెండోది సెల్‌కి రాగల జబ్బులన్నిటిలోకీ చెడ్డది: పాజిటివ్, నెగటివ్ పొరల మధ్య సన్నని షార్ట్. రోజూ కారేదాన్ని రోజూ నింపుతూ "సమంగానే ఉంది" అనుకోవడం, బొరియలోంచి పోయే నీళ్లకి పైనుంచి కాలవ పెట్టడమే. కట్ట తెగే రోజు దాకా మట్టం బాగానే ఉంటుంది.

కాబట్టి ఇంత నమ్మకం పెట్టుకున్న చికిత్స, పూడిక విషయంలో ఏమీ చేయదు. లీకేజీ విషయంలో రోగాన్ని కప్పిపెడుతుంది. మూడో జబ్బు ఇంకొకటుంది. దానికైతే బ్యాలెన్సింగ్‌తో పేచీ కూడా లేదు.

3. నేల మీది రీడింగుతో గాల్లో భరోసా

మూడోది అంతర్గత నిరోధం, ఫీల్డులో అందరూ ఐఆర్ అంటారు. తూము ఇరుకైన చెరువు ఇది. నీళ్లున్నాయి, మట్టమూ ఉంది, పొలానికి కావలసినంత ఒక్కసారిగా వదలలేదు.

మంచి సెల్‌కి 2 మిల్లీ ఓములు, ముసలిదానికి 6 అనుకుందాం. నేల మీద రెండూ 3.80 చూపిస్తాయి. 80 ఆంపియర్లు లాగినప్పుడు మొదటిది 0.16 వోల్టు పడి 3.64 దగ్గర నిలుస్తుంది. రెండోది 0.48 పడి 3.32కి జారుతుంది. థ్రాటిల్ వదిలి కిందికి దించి, ప్లగ్గు తీసి, సెల్ చెకర్ పెట్టేసరికి అది మళ్లీ మిగతావాటి దగ్గరికి లేస్తుంది. దొంగ పోలీసు వచ్చేసరికి ఇంట్లో పడుకుని ఉన్నట్టు.

వేడి లెక్క ఇంకా ఘోరం. అదే కరెంటుకి మంచి సెల్‌లో పుట్టేది 13 వాట్ల లోపు, చెడ్డదాంట్లో 38 పైచిలుకు. వేడి సెల్‌ని ముసలిదాన్ని చేస్తుంది, ముసలిదైనకొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే మళ్లీ వేడి. ప్యాకు దిగాక అరచేత్తో పైనుంచి కిందికి తడిమి చూసే పాత పైలట్లు ఉన్నారు. ఒకచోట మాత్రం చుర్రుమంటే దాన్ని పక్కన పెడతారు. ఛార్జర్ తెర మీది వోల్టేజి ఎన్నటికీ చూపించని సంగతి ఆ అరచేతికి తెలుస్తుంది.

వోల్టేజిలు సమం చేయడం వల్ల ఈ నిరోధం ఒక్క మిల్లీ ఓము కూడా తగ్గదు. తగ్గుతుందని ఎవరూ అనరు కూడా. కానీ 4.20 చూసి ఎగరేసేవాడు దాన్నే నమ్ముతున్నాడు.

4. "రాత్రంతా పెట్టు"

చాలామంది మనసులో బ్యాలెన్సింగ్ బొమ్మ ఇలా ఉంటుంది: ఎక్కువ ఉన్న సెల్ నుంచి తీసి తక్కువ ఉన్నదాంట్లో పోస్తుందని. వాడుకలో ఉన్న ఛార్జర్లలో అత్యధికం అలా చేయవు. ఎక్కువ ఉన్న సెల్‌కి చిన్న రెసిస్టరు తగిలించి ఆ ఛార్జిని వేడిగా తగలేస్తాయి, అంతే. తక్కువ ఉన్నదానికి ప్రత్యేకంగా అందేదేమీ లేదు. మిగతావాటిని ఆపి దానికోసం ఎదురుచూస్తాయి.

ఆ తగలేసే కరెంటు కూడా చిన్నది. సాధారణ ఛార్జర్లలో 200 మిల్లీ ఆంపియర్ల నుంచి ఆంపియరు, రెండు ఆంపియర్ల దాకా. సెల్ల మధ్య తేడా 1,500 ఉండి, ఛార్జరు 300తో లాగుతుంటే అయిదు గంటలు. పొలం గట్టు మీద జనరేటర్ పెట్టుకుని, వరసబెట్టి సెట్లు మార్చుతూ, గంటలోపు ఛార్జి చేసి ఎగరేసేవాళ్లకి ఆ అయిదు గంటలు ఎక్కడివి? అందుకే రాత్రంతా పెట్టమనే సలహా పుట్టింది.

రాత్రంతా పెడితే ఏమవుతుంది? రేకుల షెడ్డులో, పల్నాటి ఎండ పట్టిన గోడల మధ్య, ఐదు మంచి సెల్లు గంటల తరబడి 4.20 దగ్గర నిలబడి ఉంటాయి. లైపోని త్వరగా ముసలిదాన్ని చేసేవి రెండు, నిండు ఛార్జి, వేడి. నిల్వకి 3.80 నుంచి 3.85 మధ్య ఉంచమనేది అందుకే. ఒక సెల్‌కి చేసే వైద్యం ఐదింటి ఆయుష్షు తింటోంది. సీజను అయిపోయాక ఫుల్ ఛార్జితో ప్యాకుల్ని మూల పడేసి, రెంటచింతల ఎండలన్నీ గడిచాక జూన్‌లో తీసి "ఎందుకో సెల్లు తేడా వచ్చాయి" అనడం ఈ కథలో మామూలు మలుపు. పైగా నిద్రపోయే ఇంట్లో, కాపలా లేకుండా, అనుమానమున్న ప్యాకుని ఛార్జింగ్‌లో ఉంచడం ఎంత తెలివో వేరే చెప్పాలా?

5. తేడా కనపడితే ప్రతిసారీ సెల్‌దే తప్పా?

ప్రబలంగా ఉన్న నమ్మకానికి ఇంకో పక్క కూడా ఉంది. అటువైపు మంచి ప్యాకులు అన్యాయంగా చెత్తలోకి పోతున్నాయి. 0.05 కనపడగానే "సెల్ పోయింది" అనేవాళ్లున్నారు.

లైపో వోల్టేజి గీత సూటిగా ఉండదు. 3.7, 3.9 మధ్య దాదాపు చదునుగా పోతుంది, 3.5 కిందికి వచ్చాక బావి అంచులా దిగిపోతుంది. చదునైన చోట 0.03 తేడా అంటే కొన్ని శాతాల ఛార్జి. అంచు దగ్గర 0.1 తేడా అంటే అంతకంటే తక్కువే కావచ్చు. ఎక్కడ కొలిచారో చెప్పకుండా "తేడా ఎంత" అని అడగడం, ఏ ఊరి నుంచో చెప్పకుండా దూరమెంత అని అడగడమే.

కొలిచే పరికరం సంగతి సరేసరి. బ్యాలెన్స్ ప్లగ్గు పిన్ను మీద మందు తుంపర పడి పచ్చగా తుప్పు పట్టినా, సన్నని వైరు లోపల సగం తెగినా, ఒక సెల్ తక్కువ, పక్కది ఎక్కువ చూపిస్తుంది. రెండు పక్క సెల్లు ఎదురుబొదురుగా తప్పితే ముందు ప్లగ్గునే అనుమానించాలి. మల్టీమీటర్‌తో ఒకసారి నేరుగా చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం.

అమాయకమైన కారణం ఒకటుందని అన్నది ఇక్కడే. వోల్టేజి అలారంగా ప్లగ్గుకి తగిలించే చిన్న బజర్లలో చాలావాటికి కావలసిన కరెంటు మొదటి ఒకట్రెండు సెల్ల నుంచే పోతుంది. దాన్ని తీయడం మరచి ప్యాకుని పెట్టెలో పెడితే రెండు రోజుల తర్వాత మొదటి సెల్ కిందికి దిగి ఉంటుంది. ఆ సెల్‌కి ఏ రోగమూ లేదు. 3.5, 3.6 దగ్గరుంటే బ్యాలెన్స్ ఛార్జి దాన్ని శుభ్రంగా సరిచేస్తుంది, తేడా మళ్లీ రాదు. బ్యాలెన్సింగ్ గెలిచే సందర్భం ఇదే. ఇలాంటి ఒకట్రెండు అనుభవాలే "నేను చేసి చూశాను, పనిచేసింది" అన్న సాక్ష్యంగా మారి, అన్ని రోగాలకీ అదే మందన్న పేరు తెచ్చాయి.

6. చచ్చిన సెల్‌ని లేపే విద్య

ఇక్కడిదాకా వాదన లెక్కల మీద నడిచింది. దీని దగ్గర మాత్రం మర్యాదలు అనవసరం.

3 వోల్టుల కిందికి బాగా జారిన లైపోని మంచి ఛార్జరు తీసుకోదు. ఎర్రర్ చూపిస్తుంది. అప్పుడు వినిపించే సలహా: నికెల్ బ్యాటరీల మోడ్‌లో పెట్టి కాసేపు కరెంటు తోయి, వోల్టేజి లేచాక లైపో మోడ్‌కి మార్చు. కొందరు ఫోన్ ఛార్జరు వైర్లు గీకి నేరుగా ఆ సెల్ తీగలకి ముట్టిస్తారు కూడా. బీఎంఎస్ ఉన్న ప్యాకులైతే సెల్ల మధ్య తేడా మితిమీరినప్పుడు వాటంతట అవే లాక్ అవుతాయి. ఆ లాక్ తీయించుకోవడానికి మనిషిని వెతుక్కునేవాళ్లూ ఉన్నారు. కంపెనీవాడు కొత్తది అమ్ముకోవడానికే లాక్ పెట్టాడని వాళ్ల నమ్మకం.

సెల్ మరీ కిందికి పోయినప్పుడు లోపల జరిగేది ఇది. నెగటివ్ వైపు పూత ఒక రాగి రేకు మీద ఉంటుంది. వోల్టేజి అంత దిగితే ఆ రాగి కరిగి ఎలక్ట్రోలైట్‌లోకి వస్తుంది. తిరిగి ఛార్జి చేసినప్పుడు రాగి మళ్లీ పేరుకుంటుంది, కాకపోతే పాత చోట కాదు, ఎక్కడ పడితే అక్కడ, ముళ్లలా. ఆ ముల్లు మధ్య పొరని గుచ్చితే లోపలి షార్ట్. వరస ప్యాకులో ఇంకో ప్రమాదం: బలహీనమైన సెల్ ఖాళీ అయిపోయాక కూడా మిగతా ఐదూ దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటాయి. సున్నా దాటి అది తలకిందులవుతుంది. అలా గాల్లోనే చచ్చిన సెల్‌ని నేల మీద లేపి మళ్లీ గాల్లోకి పంపడాన్ని రిపేరు అంటున్నారు.

లోపలి షార్ట్ ఏం చేస్తుందో ఊహించుకోనక్కర్లేదు. 2013 జనవరి 7న బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787లో ఎనిమిది సెల్ల లిథియం అయాన్ బ్యాటరీ అంటుకుంది. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు తేల్చింది ఏమిటంటే, ఒక సెల్‌లో వచ్చిన లోపలి షార్ట్‌తో అది అదుపు తప్పి వేడెక్కింది, ఆ వేడి పక్క సెల్లకి పాకింది. ఆ బ్యాటరీకి సెల్లను గమనించే ఎలక్ట్రానిక్స్ లేక కాదు. అదే నెలలో ప్రపంచమంతటా ఆ రకం విమానాలు నేల మీద ఆగిపోయాయి. మార్పుల్లో భాగంగా బ్యాటరీని ఉక్కు పెట్టెలో బంధించి, పొగ బయటికి పోయే గొట్టం పెట్టాకే తిరిగి ఎగిరాయి. విమానానికి ఉక్కు పెట్టె ఉంది. డ్రోన్ ప్యాకుకి ఉన్నది ష్రింక్ కవరు. దాన్ని ఛార్జి చేసే చోట పక్కనే పురుగుమందు డబ్బాలు, జనరేటర్ పెట్రోలు.

ఇక "ఆ ఒక్క సెల్ మార్చేస్తే పోలా" అనేవాళ్లు. పర్సు లాంటి లైపో సెల్‌కి పాజిటివ్ పట్టీ అల్యూమినియంది, మామూలు సోల్డరు దానికి పట్టదు. పట్టించినా పాత ఐదింటి మధ్య కొత్తదొకటి చేరుతుంది. దాని లోతు వేరు, తూము వేరు. పోగొట్టుకోవాలనుకున్న తేడా కొత్త రూపంలో తిరిగొచ్చి కూర్చుంటుంది. లక్షల రూపాయల డ్రోన్ భారాన్ని మోసేది ఆ అతుకు.

7. "అంత డబ్బు పెట్టి కొన్నది పారేయమంటారా?"

ఈ ప్రశ్న న్యాయమైనది. పై ఆరు అంశాలనూ ఒప్పుకున్నవాడు కూడా ఇక్కడికొచ్చి ఆగిపోతాడు. నమో డ్రోన్ దీదీ పథకంలో స్వయం సహాయక సంఘానికి 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం అందుతుంది, మిగతాది అప్పు. డ్రోన్‌తో వచ్చే బ్యాటరీ సెట్టు కాక అదనంగా నాలుగు సెట్లు ప్యాకేజీలోనే ఉన్నాయి, రోజుకు 20 ఎకరాల దాకా ఆగకుండా కొట్టాలన్న లెక్కతో. ఒక సెట్టు మూలన పడితే ఆ రోజు ఎకరాలు తగ్గుతాయి, ఆ నెల కిస్తీ బరువవుతుంది. ప్యాకుని పక్కన పెట్టమనడం ఛార్జర్ ముందు కూర్చున్నంత తేలిక కాదు.

అయితే ఆ డబ్బు కోణం నుంచే చూసినా బ్యాలెన్స్ చేసి ఎగరేయడం నష్టపు బేరం. ఆ ప్యాకేజీలోనే అన్నిటికీ ఏడాది వారంటీ ఉంది. వారంటీ అడగాలంటే లోపం కనిపించాలి. పొలంలో 3.25 చూపించిన ప్యాకుని రాత్రంతా బ్యాలెన్స్ చేసి సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే అక్కడి టేబుల్ మీద ఆరు సెల్లూ 4.20 చూపిస్తాయి. "ఏం లేదక్కా, బాగానే ఉంది" అని తిప్పి పంపుతారు. వాళ్లు అబద్ధమాడలేదు. సాక్ష్యాన్ని తుడిచేసింది తెచ్చినవాళ్లే. ఏడాది గడిచాక అదే ప్యాకు ఉబ్బి కూర్చుంటుంది, అప్పుడు జేబు వాళ్లదే.

గాల్లో సెల్ కూలితే పోయేది ప్యాకు ఒక్కటే కాదు. పాతిక కిలోల బరువు, తిరుగుతున్న రెక్కలు, ట్యాంకులో మందు. కింద పంట కాలవ ఉండొచ్చు, గట్టు మీద మనిషి ఉండొచ్చు.

చేయవలసింది ఛార్జర్‌లో లేదు, పుస్తకంలో ఉంది. ప్యాకు మీద మార్కర్‌తో నంబరు, కొన్న తేదీ. 12ఎస్‌గా కలిపే రెండు ప్యాకులకీ ఒకే జత గుర్తు, వాటిని ఎప్పుడూ విడదీయకూడదు. కొత్తదానికి పాతదాన్ని జతకట్టడమంటే కాడికి కోడెని, ముసలెద్దుని కట్టడమే. రోజుకి ఒకసారైనా, ప్యాకు దిగి అరగంట చల్లారాక, ఛార్జింగ్‌కి పెట్టకముందు, ఆరు సెల్ల అంకెలు రాయాలి. నిండినప్పటి అంకెలు రాసి ప్రయోజనం లేదు, అవి ఎప్పుడూ అందంగానే ఉంటాయి. ప్రతిసారీ ఒకే నంబరు సెల్ అడుగున తేలుతుంటే అది పూడిక. ఐఆర్ చూపించే ఛార్జరైతే నెలకోసారి, ఒకే వేడిలో, ఒకే స్థాయి ఛార్జి దగ్గర ఆ అంకెలూ రాయాలి. కొత్తప్పటికి రెట్టింపు అయిన సెల్ ఉన్న ప్యాకుని నిండు ట్యాంకుతో ఎగరేయకూడదు. లీకేజీ అనుమానముంటే 3.85 దగ్గర రెండు వారాలు దేనికీ తగిలించకుండా వదిలేసి చూడాలి. మిగతా ఐదూ కదలకుండా ఒకటే జారితే ఇంక దానితో బేరాలు లేవు.

పూడిన ప్యాకుకి ఒకట్రెండు చిన్న అవకాశాలున్నాయి. నాలుగో సెల్ 13,000 అయితే ఆ ప్యాకు మొత్తం 13,000ది అనుకుని, దాంట్లో ఎనభై శాతానికి, అంటే 10,400కి, టైమరు పెట్టి సగం ట్యాంకుతో కొన్నాళ్లు లాగొచ్చు, ఐఆర్ బాగున్నంత వరకే. ఆ తర్వాత నేల మీద తక్కువ కరెంటు తీసుకునే పనులకి. ఉబ్బినదానికీ, కారేదానికీ, ఒకసారి చచ్చి లేచినదానికీ ఈ మినహాయింపు లేదు.

వాటి సంగతి: ఆరుబయట, మనుషులకి దూరంగా, చిన్న బల్బు తగిలించి పూర్తిగా ఖాళీ చేయాలి. ఆ తర్వాత తీగల చివరలు విడివిడిగా టేపు చుట్టాలి, ఒకదానికొకటి తగలకుండా. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారు, దిగుమతిదారులది. కొన్న డీలరునే అడగాలి, పుస్తకంలో ఆ ప్యాకు పేజీ చూపించి, నాలుగో సెల్ వరసకి కింద గీత గీసి.